మార్చమన్నారు... మార్చి ఇస్తే వద్దన్నారు!

చిలీలో నాలుగేళ్లలో కొత్త రాజ్యాంగం రెండుసార్లు రాశారు. ఒకసారి లెఫ్ట్ చేతిలో కలం, ఇంకోసారి రైట్ చేతిలో. జనం రెండింటినీ వెనక్కి పంపేశారు. ఎందుకు?

మెట్రో టికెట్ మూడు రూపాయలు పెరిగితే మనం ఏం చేస్తాం? కాస్త గొణుక్కుంటాం, ఇన్‌స్టాలో ఒక మీమ్ పెడతాం, మర్నాడు అదే మెట్రో ఎక్కి ఆఫీసుకి పోతాం. 2019 అక్టోబర్‌లో చిలీ రాజధాని శాంటియాగోలో పెరిగిందీ అంతే. రద్దీ వేళల్లో టికెట్ మీద 30 పెసోలు. అప్పటి మన లెక్కలో మూడు రూపాయలకి అటూ ఇటూ.

కానీ అక్కడి స్కూలు, కాలేజీ పిల్లలు గొణుక్కుని ఊరుకోలేదు. గుంపులుగా వచ్చి టికెట్ గేట్లు దూకేయడం మొదలుపెట్టారు. తమాషా ఏంటంటే, స్టూడెంట్ టికెట్ ధర పెరగనేలేదు. పెరిగింది వాళ్ల అమ్మానాన్నలు కొనే టికెట్. అక్టోబర్ 18 నాటికి గొడవ ఊరంతా పాకింది. పదుల కొద్దీ మెట్రో స్టేషన్లు ధ్వంసమయ్యాయి. ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టి సైన్యాన్ని వీధుల్లోకి దించింది. టికెట్ పెంపు వెనక్కి తీసుకున్నా జనం ఇళ్లకి పోలేదు. వారం తిరిగేసరికి ఒక్క శాంటియాగోలోనే పది లక్షల మందికి పైగా రోడ్డెక్కారు. దేశం మొత్తం జనాభా రెండు కోట్లకి తక్కువ అని గుర్తుంచుకుంటే ఆ అంకె ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఆ నెలల్లో 30 మందికి పైగా చనిపోయారు. పోలీసుల పెల్లెట్లకి వందల మంది కళ్లకి గాయాలయ్యాయి.

అప్పుడు గోడల మీద ఎక్కడ చూసినా కనిపించిన నినాదం ఒకటుంది: ఇది 30 పెసోల గొడవ కాదు, 30 ఏళ్ల గొడవ.

ఆ 30 ఏళ్ల కథ అర్థం కావాలంటే చిలీ రాజ్యాంగం ఎక్కడ పుట్టిందో చూడాలి.

పుట్టుకే వివాదం

1973 సెప్టెంబర్ 11న జనరల్ పినోచెట్ నాయకత్వంలో సైన్యం, ఎన్నికల్లో గెలిచిన అధ్యక్షుడు సాల్వడార్ అలెండీని కూలదోసింది. సరిగ్గా ఏడేళ్ల తర్వాత, 1980 సెప్టెంబర్ 11న, సైనిక ప్రభుత్వం తన కొత్త రాజ్యాంగాన్ని ప్రజల ఓటుకి పెట్టింది. పార్టీల మీద నిషేధం, చేతిలో ఓటర్ల జాబితా కూడా లేదు. అలాంటి ఓటింగ్‌లో అది గెలిచింది.

1990లో ప్రజాస్వామ్యం తిరిగి వచ్చింది కానీ రాజ్యాంగం మాత్రం అదే ఉండిపోయింది. 1989లో కొన్ని మార్పులు, 2005లో పెద్ద మార్పులు చేశారు. అధ్యక్షుడు రికార్డో లాగోస్ హయాంలో దాని కింద పినోచెట్ సంతకం తీసేసి లాగోస్ సంతకం పెట్టారు. అయినా జనం నోట్లో అది పినోచెట్ రాజ్యాంగమే.

ఇక్కడే రెండు వాదనలు మొదలవుతాయి. రెండింటినీ ఓపిగ్గా వినాలి. ఎందుకంటే రెండిట్లోనూ నిజం ఉంది.

కొత్తది కావాలన్నవాళ్లు ఏమంటారంటే: తుపాకీ నీడలో పుట్టిన పత్రం మనందరి పత్రం ఎలా అవుతుంది? పైగా సమస్య పుట్టుకలోనే కాదు, లోపల రాసినదాంట్లోనూ ఉంది. చదువు, వైద్యం, పెన్షన్ ఇవన్నీ మార్కెట్‌కి వదిలేసి ప్రభుత్వం పక్కన నిలబడే పద్ధతికి ఆ రాజ్యాంగం దారి వేసింది. నీటి మీద హక్కుల్ని కూడా ప్రైవేటు ఆస్తిలాగా కాపాడుతుంది. ముఖ్యమైన చట్టాలు కొన్ని మార్చాలంటే మామూలు మెజారిటీ చాలదు. కాబట్టి ఎన్నికల్లో గెలిచినా చేతులు కట్టేసినట్టే.

వద్దన్నవాళ్ల మాట ఇలా ఉంటుంది: పుట్టుక సంగతి సరే, దాన్ని ఇప్పటికే చాలాసార్లు మార్చాం కదా. ఈ 30 ఏళ్లలోనే చిలీ లాటిన్ అమెరికాలో బాగా నిలదొక్కుకున్న దేశాల్లో ఒకటైంది, పేదరికం బాగా తగ్గింది. పెన్షన్ చాలకపోతే పెన్షన్ చట్టం మార్చు. నీళ్లు అందకపోతే నీటి చట్టం మార్చు. పైకప్పు కారుతోందని ఇల్లంతా పడగొడతామా?

2019 నవంబర్ 15 తెల్లవారుజామున పార్టీలు ఒక ఒప్పందానికి వచ్చాయి. కొత్త రాజ్యాంగం కావాలో వద్దో ప్రజల్నే అడుగుదాం అని. అప్పటికి 33 ఏళ్ల ఎంపీగా ఉన్న గాబ్రియేల్ బోరిక్ తన పార్టీని కాదని సొంతంగా సంతకం పెట్టారు. సొంత మనుషులే ఆయన్ని తిట్టిపోశారు. రెండేళ్లు దాటిన కొద్ది రోజులకే ఆయన దేశాధ్యక్షుడిగా గెలిచారు.

78 శాతం అవును అన్నారు. దేనికి?

2020 అక్టోబర్ 25న ఓటింగ్ జరిగింది. 78 శాతం మంది కొత్త రాజ్యాంగం కావాలన్నారు. రాసేది పార్లమెంటు సభ్యులు కాదు, దానికోసమే ఎన్నికైన కొత్త సభ అని కూడా దాదాపు అంతే మంది చెప్పారు. వీధుల్లో పండగ.

2021 మేలో ఆ సభకి ఎన్నికలు పెట్టారు. మొత్తం 155 మంది. ఆడా మగా దాదాపు సమానం, ఇంత పెద్ద పనికి ఇలాంటి నియమం పెట్టడం ప్రపంచంలోనే అరుదు. మూలవాసులకి 17 సీట్లు రిజర్వ్ చేశారు. ఏ పార్టీకీ చెందని కార్యకర్తలు, టీచర్లు, లాయర్లు భారీగా గెలిచారు. మపూచే తెగకి చెందిన భాషా శాస్త్రవేత్త ఎలిసా లోంకోన్ సభకి మొదటి అధ్యక్షురాలయ్యారు. శతాబ్దాలుగా అంచుల్లో ఉంచిన సమాజం నుంచి వచ్చిన ఒక మహిళ, దేశ రాజ్యాంగం రాసే సభ కుర్చీలో. ఆ దృశ్యం విలువ తక్కువేం కాదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. సభలో ఏ ఆర్టికల్ పాసవ్వాలన్నా మూడింట రెండొంతుల ఓట్లు కావాలి అని ముందే రూల్ పెట్టుకున్నారు. ఆ రూల్ కోసం పట్టుబట్టింది రైట్ పార్టీలు. ఎలాగూ మాకు మూడో వంతు సీట్లొస్తాయి, మాకు ఇష్టం లేనిది ఆపగలం అని వాళ్ల ధీమా. మూడో వంతు అంటే 52 సీట్లు. వాళ్లకి వచ్చింది 37. రెండు పక్షాలనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాల్సిన రూల్, ఒక్క ఎన్నికతో ఆ పని చేయలేనిదైంది. రైట్‌ని ఒప్పించాల్సిన అవసరమే లేకుండా రాసుకునే వీలు మిగతావాళ్లకి వచ్చింది. చాలాసార్లు అలాగే రాశారు కూడా.

388 ఆర్టికల్స్, ఒక్క బటన్

ఏడాదికి డ్రాఫ్ట్ తయారైంది. 388 ఆర్టికల్స్. చిలీని బహుళ జాతుల రాజ్యంగా గుర్తించడం, మూలవాసులకి తమ సొంత న్యాయ వ్యవస్థలు, ఇల్లు, వైద్యం, పెన్షన్ హక్కులు, నీరు అందరి ఉమ్మడి వనరు, ప్రకృతికే హక్కులు, అబార్షన్ హక్కు, ప్రభుత్వ సంస్థల్లో స్త్రీ పురుష సమానత్వం, సెనేట్ రద్దు చేసి ప్రాంతాల సభ... జాబితా ఇంకా ఉంది.

మీరు ఒక యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నియమాలన్నీ ఒకేసారి ఒప్పుకోమంటుంది కదా. పదిలో తొమ్మిది నచ్చి ఒకటి నచ్చకపోయినా బటన్ ఒక్కటే. ప్రజల ఓటు కూడా అలాంటిదే. నీటి హక్కు కావాలనుకున్నవాడికి సెనేట్ పోవడం నచ్చకపోవచ్చు. సెనేట్ పోయినా పర్లేదనుకున్న చర్చి పెద్దావిడకి అబార్షన్ ఆర్టికల్ మింగుడుపడకపోవచ్చు. ప్రతి కొత్త ఆర్టికల్ కొందరు అభిమానుల్ని తెస్తుంది, కొందరు వ్యతిరేకుల్నీ తెస్తుంది. అభిమానులు ఎలాగూ ఓటేసేవాళ్లే. వ్యతిరేకులు మాత్రం ఒక్కో ఆర్టికల్ దగ్గర ఒక్కొక్కరు చొప్పున పోగవుతూ పోతారు.

దీనికితోడు సభ పరువు సభే తీసుకుంది. క్యాన్సర్ పేషెంట్‌గా ఉద్యమంలో పేరు తెచ్చుకుని గెలిచిన ఒక సభ్యుడు, తనకి క్యాన్సరే లేదని ఒప్పుకోవాల్సి వచ్చింది. మమ్మల్ని చూడండి, మేం పాత పార్టీల్లాంటోళ్లం కాదు అని వచ్చిన సభకి అది గట్టి దెబ్బ.

ప్రచారంలో అబద్ధాలూ తక్కువేం కాదు. కొత్త రాజ్యాంగం వస్తే మీ ఇల్లు ప్రభుత్వం లాగేసుకుంటుందని సోషల్ మీడియాలో తిప్పారు. డ్రాఫ్ట్‌లో ఆస్తి హక్కుకి రక్షణ ఉంది. అయినా అబద్ధం చెప్పులేసుకుని ఊరంతా తిరిగొచ్చింది.

కానీ తప్పంతా ఫేక్ న్యూస్ మీదకి నెట్టేస్తే అది మనల్ని మనం మోసం చేసుకోవడమే. వద్దన్నవాళ్లంతా పినోచెట్ అభిమానులు కాదు. మధ్యేవాద మాజీ అధ్యక్షుడు ఎడ్వర్డో ఫ్రే వద్దన్నారు. పినోచెట్ సంతకం తీయించిన లాగోస్ అయితే అటూ చెప్పలేదు, ఇటూ చెప్పలేదు. ఈ రెండు పత్రాలూ సరిపోవు, ఎవరు గెలిచినా పని ఇంకా మిగిలే ఉంటుంది అన్నది ఆయన వైఖరి. చివరికి ఎలా అయిందంటే, అవును అనేవాళ్లు ముందు ఒప్పుకోండి, తర్వాత సరిదిద్దుకుందాం అన్నారు. వద్దనేవాళ్లు ముందు తిప్పికొట్టండి, తర్వాత ఇంకా మంచిది రాసుకుందాం అన్నారు. అంటే డ్రాఫ్ట్ ఉన్నదున్నట్టు బాగుందని గట్టిగా చెప్పేవాళ్లు తగ్గిపోయారు.

2022 సెప్టెంబర్ 4న ఫలితం: వద్దు 62 శాతం, అవును 38 శాతం. 16 ప్రాంతాల్లో ఒక్కటి కూడా అవును అనలేదు. అవకాడో తోటలకి నీళ్లు పోయి, జనం ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ఊరిగా ప్రపంచానికి తెలిసిన పెటోర్కా కూడా వద్దనే అంది. మపూచేలు ఎక్కువగా ఉండే అరౌకానియా ప్రాంతంలో దాదాపు నాలుగింట మూడొంతుల ఓట్లు వద్దుకే పడ్డాయి.

ఆ 78 శాతం ఎక్కడికి పోయింది?

అంకెల్లోకి కాస్త లోతుగా వెళ్దాం. శాతాలు ఒక్కోసారి మోసం చేస్తాయి.

2020లో ఓటు వేయడం ఇష్టాన్ని బట్టి. పైగా కరోనా టైమ్. సగం మందే వచ్చారు. మొత్తం పోలైనవి సుమారు 75 లక్షలు, అందులో అవును 58 లక్షలకి పైగా. 2022లో ఓటు తప్పనిసరి చేశారు. కోటీ 30 లక్షల మంది వచ్చారు. వద్దు ఓట్లే 78 లక్షలు దాటాయి. అంటే 2020లో పడిన మొత్తం ఓట్ల కంటే 2022లో పడిన వద్దు ఓట్లే ఎక్కువ.

అయితే కొత్తగా వచ్చినవాళ్ల వల్లే ఓడిపోయారా? అదీ కాదు. అవును ఓట్లు 58 లక్షల నుంచి 48 లక్షలకి పడిపోయాయి. ఓటర్లు పెరిగినా పది లక్షలు తగ్గాయి.

అసలు విషయం ఇక్కడుంది. 2020లో అడిగిన ప్రశ్న: పాతది పోవాలా? దానికి జనం కోపంతో, ఆశతో అవునన్నారు. కోపానికి ఒకే ఆర్టికల్ అక్కర్లేదు. ఒక్కొక్కళ్లూ తమ తమ కొత్త రాజ్యాంగాన్ని మనసులో పెట్టుకుని అదే డబ్బాలో ఓటు వేశారు. 2022లో అడిగింది వేరే ప్రశ్న: ఇదిగో ఇదే కొత్తది, సరేనా? మార్పు కావాలన్న మెజారిటీ, ఫలానా మార్పు కావాలన్న మెజారిటీ ఒకటి కాదు. సభలో గెలిచినవాళ్లు మొదటిదాన్ని చూసి రెండోది కూడా తమ జేబులో ఉందనుకున్నారు.

ఇప్పుడు మా వంతు

ఇది లెఫ్ట్ ఒక్కదాని తప్పయితే కథ ఇక్కడే అయిపోయేది. కానీ రెండో భాగం ఉంది, అది ఇంకా విచిత్రం.

ఓటమి తర్వాత పార్టీలు మళ్లీ కూర్చుని రెండో ప్రయత్నానికి ఒప్పుకున్నాయి. ఈసారి జాగ్రత్తలు ఎక్కువ. పార్లమెంటు నియమించిన 24 మంది నిపుణులు మొదటి డ్రాఫ్ట్ రాస్తారు. తర్వాత ఎన్నికైన సభ దాన్ని సవరిస్తుంది. నిపుణుల డ్రాఫ్ట్‌కి అన్ని పక్షాల నుంచీ మద్దతు వచ్చింది. అంతా సవ్యంగా పోతోంది అనుకునేలోపు 2023 మేలో సభకి ఎన్నికలొచ్చాయి.

51 సీట్లలో 23 గెలిచింది హోసె ఆంటోనియో కాస్ట్ నాయకత్వంలోని రిపబ్లికన్ పార్టీ. అసలు కొత్త రాజ్యాంగమే వద్దు అన్న పార్టీ అది! కలం వెళ్లి వాళ్ల చేతిలో పడింది. మిగతా రైట్ పార్టీల 11 కలిపితే 34. బోరిక్ వైపు కూటమికి 16. ఆపగలిగేన్ని సీట్లు ఈసారి లెఫ్ట్‌కి లేవు. అద్దంలో చూసినట్టు అదే కథ, ఎడమ కుడి అయిందంతే.

వాళ్లూ అదే పని చేశారు. పుట్టబోయే బిడ్డ ప్రాణం గురించిన వాక్యంలో పదం మార్చారు. ఇప్పుడున్న పరిమిత అబార్షన్ చట్టానికే ఇది ముప్పని మహిళా సంఘాలు భయపడ్డాయి. సొంతింటికి ఆస్తి పన్ను మినహాయింపు, పత్రాలు లేని వలసదారుల్ని వీలైనంత త్వరగా పంపేయడం, వైద్యంలో పెన్షన్‌లో ప్రైవేటు ఎంపికకి గట్టి రక్షణ... తమ ఎన్నికల మేనిఫెస్టోని రాజ్యాంగంలో పెట్టేశారు.

2023 డిసెంబర్ 17న ఓటింగ్. వద్దు దాదాపు 56 శాతం. ఇంకో తమాషా చూడండి. పినోచెట్ రాజ్యాంగాన్ని పాతిపెడతాం అని వీధుల్లోకొచ్చిన లెఫ్ట్, ఆ రోజు ఓటేసింది అదే పాత రాజ్యాంగం ఉండిపోవడానికి. ఇంకా ఘోరమైనదాని కంటే చెడ్డదే నయం అన్నట్టు మాట్లాడారు మాజీ అధ్యక్షురాలు మిషెల్ బాచెలెట్. పాతదాన్ని కాపాడాలని ఏళ్ల తరబడి చెప్పిన కాస్ట్ మాత్రం కొత్తదానికి ఓటెయ్యండి అని తిరిగారు. తన హయాంలో మూడో ప్రయత్నం ఉండదని బోరిక్ తేల్చేశారు.

కూల్చాలా, బాగు చేయాలా?

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లకి ఈ కథ బాగా తెలుసు. పాత కోడ్ తెరవగానే ఎవరికైనా వచ్చే మొదటి ఆలోచన, ఇదంతా పీకేసి మొదట్నుంచి రాద్దాం అని. టీమ్ మొత్తం చేతులెత్తుతుంది. రాయడం మొదలుపెట్టాకే తెలుస్తుంది, ఒక్కొక్కళ్ల మనసులో ఒక్కో కొత్త సిస్టమ్ ఉందని. అలాగని పాతది ముట్టుకోకూడదనీ కాదు. కొన్ని పాత సిస్టమ్స్‌లో ఒక లైన్ మారిస్తే పది చోట్ల పగులుతుంది. అలాంటప్పుడు తిరగరాయడమే దారి.

చిలీలో ఈ గొడవంతా జరుగుతుండగానే పక్కన వేరే పని కూడా జరిగింది. దానికి హెడ్‌లైన్లు రాలేదు. 2022 ఏప్రిల్‌లో నీటి చట్టాన్ని సవరించి, నీరు మానవ హక్కు అని రాశారు. కొత్త నీటి హక్కులకి 30 ఏళ్ల గడువు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో రాజ్యాంగాన్ని సవరించడానికి కావాల్సిన మెజారిటీని ఏడింట నాలుగొంతులకి తగ్గించారు. 2023లో వారానికి 45 గంటల పనిని దశలవారీగా 40కి తగ్గించే చట్టం తెచ్చారు. 2025లో పెన్షన్ సంస్కరణ పాసైంది. ఉద్యోగి జీతంలోంచి మాత్రమే కోసే పద్ధతి పోయి, యజమాని వాటా దశలవారీగా 8.5 శాతానికి పెరుగుతుంది. వీధుల్లో అరిచినవాళ్లు అడిగినదంతా ఇది కాదు. కానీ ఇవన్నీ పాత రాజ్యాంగం కిందే వచ్చాయి.

దీన్ని చూసి సవరణ పక్షంవాళ్లు, చూశారా మేం చెప్పిందే నిజమైంది అంటారు. అటువైపువాళ్లు, 2019లో జనం రోడ్డెక్కకపోతే ఇందులో ఒక్కటైనా కదిలేదా అంటారు. నిజం చెప్పాలంటే రెండూ కరెక్టే.

మన దగ్గర

ఈ చర్చ మనకి కొత్తేం కాదు. 2022 ఫిబ్రవరిలో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ దేశానికి కొత్త రాజ్యాంగం కావాలి, దాని మీద చర్చ జరగాలి అన్నారు. కాంగ్రెస్, బీజేపీ రెండూ భగ్గుమన్నాయి, ఇది అంబేద్కర్‌కి అవమానం అని నిరసనలు చేశాయి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో రాజ్యాంగం మారుస్తారన్న ఆరోపణ, మార్చం అన్న జవాబు దేశమంతా వినిపించాయి. మాట ఎవరు అన్నారన్నదాన్ని బట్టి మనం వైపులు మార్చేస్తుంటాం.

మన రాజ్యాంగం ప్రజల ఓటుకి వెళ్లలేదు. ఇప్పటిలాగా అందరికీ ఓటు హక్కుతో ఎన్నికైన సభ కూడా కాదు రాసింది. సభలో కాంగ్రెస్‌దే తిరుగులేని మెజారిటీ. తలుచుకుంటే తన మేనిఫెస్టోనే రాసుకోగలిగేది. కానీ డ్రాఫ్టింగ్ కమిటీ అధ్యక్షుడిగా వచ్చింది, ఏళ్ల తరబడి కాంగ్రెస్‌ని ఉతికి ఆరేసిన అంబేద్కర్. ఆ కమిటీలో నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు, ఆయనా కాంగ్రెస్ మనిషి కాదు. డ్రాఫ్ట్ మీద 7,600కి పైగా సవరణలు వచ్చాయి, 2,473 సవరణల్ని సభలో ప్రవేశపెట్టి చర్చించారు. లోపాలు లేవని కాదు. 1951లోనే మొదటి సవరణ వచ్చింది, 2023 నాటికి 106 అయ్యాయి. కానీ గెలిచినవాళ్లు కలాన్ని తమ దగ్గరే పెట్టుకోకపోవడం అనే ఒక్క పని, చిలీలో రెండుసార్లూ జరగనిది, ఇక్కడ జరిగింది.

కాబట్టి రాజ్యాంగం మార్చాలి అని ఎవరైనా అంటే వెంటనే జైకొట్టొద్దు, వెంటనే రాళ్లూ వేయొద్దు. మూడు ప్రశ్నలు అడగండి. ఏ ఆర్టికల్, దాని వల్ల ఎవరికి ఏం ఆగిపోయింది? దాన్ని మామూలు చట్టంతోనో సవరణతోనో ఎందుకు చేయలేం? నువ్వు రాసిన ఈ వాక్యం, రేపు నీకు అస్సలు పడని పార్టీ అధికారంలోకి వచ్చి వాడుకున్నా నీకు ఓకేనా?

చిలీలో మూడో ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు. 2025 డిసెంబర్‌లో అధ్యక్ష ఎన్నికల్లో కాస్ట్ గెలిచారు. అంతకుముందు అధికారంలో ఉన్నది గేట్లు దూకిన తరం గెలిపించిన బోరిక్. ఇద్దరూ ప్రమాణం చేసింది మాత్రం అదే 1980 నాటి పుస్తకం కింద.